బాలింత ఇంట్లో తువ్వాలు బేరం

కొత్తగా బిడ్డ పుట్టిన ఇళ్ళకు వెళ్ళి, ఆ తల్లిదండ్రుల మంచీచెడ్డా కనుక్కుని వచ్చే కార్యక్రమం ఒకటి మా నూజివీడు చుట్టుపక్కల నడుస్తోంది. దాన్ని మొదలుపెట్టింది నేనే. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి, "బిడ్డ పుట్టగానే అందరూ బిడ్డనే చూస్తారు, ఆ తల్లిని చూసేదెవరు?" అని నేను గర్జిస్తే సంఘమంతా కళ్ళు తుడుచుకుంది.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చూపించాను. ఆవిడ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది. చదివి, కాగితం నా ముందు పెట్టి, "రెండో వాక్యం నుంచి మళ్ళీ రాయండి" అంది.

సరే, రాస్తున్నాను. ఆ మాట అన్నది మా ఆవిడ. గర్జించలేదు, మామూలుగానే అంది. కళ్ళు తుడుచుకున్నది చెమటకి. "ఈ పనికి ఎవరెవరు వస్తారు, చేతులెత్తండి" అని పాస్టరు గారు అడిగినప్పుడు నేను చెయ్యి ఎత్తిన మాట మాత్రం నిజం. ఫ్యాను వెయ్యమని ఎత్తాను. ఆయన అది చూసి, "ఈ వయసులో కూడా ముందుకొచ్చారు చూడండి" అని అందరిచేతా చప్పట్లు కొట్టించారు. చప్పట్లు కొట్టాక చెయ్యి దించడం ఎవరి తరం?

నాకు రెండు పనులు అప్పగించారు. మా ఆవిడను స్కూటరు మీద తీసుకెళ్ళడం, ఆవిడ లోపల తల్లితో మాట్లాడుతుంటే నేను వసారాలో తండ్రితో మాట్లాడడం. రెండో పని చాలా కష్టం. కొత్తగా తండ్రైనవాడు ఫోను చూస్తాడు, లేకపోతే నేల చూస్తాడు. నేను ముప్పాతిక జీవితం మామిడికాయల మార్కెట్లో దళారీగా గడిపినవాణ్ణి. నాకు తెలిసిన కుశలప్రశ్న ఒక్కటే: "ఈ ఏడు కాపెలా ఉంది?" బిడ్డ గురించి అడుగుతున్నాననుకుని ఒకాయన, "తొలి కాపండి, కొంచెం సన్నంగా వచ్చింది" అన్నాడు.

మేం వెళ్ళిన మొదటి ఇంట్లో మమ్మల్ని రేషన్ కార్డుల వాళ్ళనుకున్నారు. మా ఆవిడ "నిద్ర పడుతోందామ్మా?" అని అడిగేలోపు ఇంటిల్లిపాదీ ఆధార్ కార్డులు తెచ్చి మంచం మీద పరిచారు. చంటివాడి పేరు కార్డులో ఎక్కించేదాకా కదలనివ్వనని ముసలావిడ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. రెండో ఇంట్లో మేం చర్చి నుంచి వచ్చామని తెలిసి, ప్రార్థన చెయ్యమని ఈనిన గేదెను తోలుకొచ్చారు. "ఇదీ బాలింతే కదండీ" అన్నాడు ఆ ఇంటాయన. మా ఆవిడ కాదనలేకపోయింది. ఇక మూడో ఇంట్లో, 'మీరు విశ్రాంతి తీసుకోవాలి' అని మేం చెప్తుంటే, ఆ బాలింతే మంచం దిగి మాకు కాఫీ పెట్టింది. వద్దంటే మర్యాద కాదని తాగాం. నేనైతే బొత్తిగా ఇష్టం లేకుండా తాగాను.

ఇంకో అరగ్లాసు అడిగాను కూడా. కాఫీ బాగుంది.

అసలు చిక్కు అది కాదు. ఏ ఇంటికెళ్ళినా తల్లిని అడిగిన ప్రశ్నకు తల్లి తప్ప అందరూ జవాబు చెప్పేవాళ్ళు. నిద్ర గురించి అత్తగారు, తిండి గురించి ఆడబిడ్డ, నొప్పుల గురించి పక్కింటావిడ. ఆ పిల్ల మాత్రం మధ్యలో చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని, అందరి వంకా చూసి నవ్వేది.

అలా వెళ్ళిన ఇళ్ళలో ఒకటి ఆగిరిపల్లి దారిలో, తోటల మధ్యన ఉంది. ఆ ఇంటావిడ భర్త పోయాక తనే తోటలు కౌలుకు పట్టి, కాయ కోయించి, మార్కెట్లో మగవాళ్ళ మధ్య నిలబడి అమ్ముకునే మనిషి. నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆవిడ బేరానికి వస్తోందంటే నేను నీళ్ళు తాగే మిషతో పక్కకు పోయేవాణ్ణి. ఆవిడ కొడుకు ట్రాక్టరు నడుపుతాడు, మాట తక్కువ. కోడలికి తల్లి లేదు. అందుకే పురుడు అత్తగారింట్లోనే పోశారు. ఆడపిల్ల పుట్టింది.

"వందనాలు పిన్నిగారూ! రండి బాబాయి గారూ! ప్రార్థన ఉంటే చిన్నదే చెయ్యండి, పొయ్యి మీద కూరుంది" అంటూ ఎదురొచ్చింది ఆవిడ.

మా ఆవిడ బాలింత పక్కన కూర్చుని, "నిద్ర పడుతోందామ్మా?" అంది.

"నిద్రకేం పిన్నిగారూ! చంటిది పడుకుంటే ఇదీ పడుకుంటుంది" అంది అత్తగారు.

"ఆకలి వేస్తోందా?"

"వెయ్యకేం! వెల్లుల్లి కారం వేసి నేనే కలిపి పెడుతున్నాగా."

"మనసెలా ఉందమ్మా?"

"మనసుకేం, బంగారం లాంటి మనసు దానిది!"

అందరం నవ్వాం. ఆ పిల్లా నవ్వింది. బయల్దేరే ముందు మా ఆవిడ చేతులు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళింది. అక్కడ ఆ పిల్ల పంపు తిప్పి, బకెట్టు నిండి నీళ్ళు పొర్లిపోతున్నా కట్టకుండా నిలబడి ఏడుస్తోంది. చప్పుడు వినపడకుండా ఉండడానికి పంపు.

"మామ్మగారూ, బిడ్డని ఎత్తుకోవాలంటే భయమేస్తోంది. ఎక్కడ జారవిడుస్తానో అనిపిస్తోంది. కళ్ళు మూసుకున్నా నిద్ర రావట్లేదు. అత్తయ్య ముందు అడక్కండి. అడిగితే బానే ఉన్నాననే చెప్తాను" అని గబగబా చెప్పేసింది. ఇంతలో అత్తగారు పెరట్లోకొచ్చింది. ఆ పిల్ల పంపు కట్టేసి, "బకెట్టు నిండింది అత్తయ్యా" అంది.

 ఇంటికొచ్చాక మా ఆవిడ ఇదంతా చెప్పి, "ఆ పిల్లని డాక్టరమ్మకి చూపించాలండీ. ఆలస్యం చెయ్యకూడదు" అంది.

"వాళ్ళత్తకి చెప్పెయ్యరాదూ?"

"మనం చెప్తే చాడీ అవుతుంది. 'నా ఇంట్లో కూర్చుని నా మీదే చెప్పుకున్నావా' అని ఆ పిల్లనే అంటుంది. మనకి గుమ్మం మూసేస్తుంది. చెప్పేదేదో ఆ పిల్లే చెప్పాలి. నోరేమో పెగలదు."

అప్పుడు నేనొక మాట అన్నాను. నా జన్మకి అదొక్కటే పనికొచ్చే మాట. "నోరెందుకు? వేళ్ళున్నాయిగా!"

ఇప్పుడంటే ఫోన్లలో బేరాలు గానీ, మా రోజుల్లో మార్కెట్లో ధర నోటితో చెప్పేవాళ్ళం కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకునేవాళ్ళం. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఎవరికీ తెలిసేది కాదు. మొహాలు మాత్రం వాన గురించీ పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడుతుండేవి. ఆ విద్యలో నా వేళ్ళకు భయపడని వ్యాపారి నూజివీడులో లేడు.

భయపడినవాడు కూడా ఎవరూ లేరనుకోండి. ఒకసారి రెండు వేళ్ళు పట్టుకోబోయి మూడు పట్టుకుని ట్రాక్టరుడు కలెక్టరు కాయ కొన్నాను. ఆ వేసవంతా మా ఇంట్లో పప్పులోనూ మామిడికాయే, పులుసులోనూ మామిడికాయే.

"పచ్చి బాలింత దగ్గరకెళ్ళి కాయల బేరమా? బుద్ధుందా మీకు?" అంది మా ఆవిడ. అంటూనే తువ్వాలు తెచ్చింది. ఇద్దరం కూర్చుని లెక్క కట్టుకున్నాం. ఒక వేలు ఇస్తే బాగున్నానని. రెండైతే నిద్ర చాలట్లేదని. మూడైతే ఒళ్ళు బాగాలేదని. నాలుగైతే మనసు బాగాలేదని. అయిదు వేళ్ళూ ఇస్తే ఇక నా వల్ల కావట్లేదని.

అభ్యాసం మొదలుపెట్టాం. ఆవిడ బాలింత, నేను పలకరించడానికి వెళ్ళినదాన్ని. ఆవిడ తువ్వాలు కింద నాలుగు వేళ్ళు పెట్టింది. నేను మూడు నొక్కాను. ఆవిడ మళ్ళీ నాలుగు ఇచ్చింది. నేను మూడే నొక్కి, వేలు సగం మడిచాను.

"ఏంటండీ మీరు చేస్తున్నది?"

"మూడున్నరకి బేరం తెంపుదామని."

"నేను నాలుగు బాధలున్నాయంటే మీరు మూడున్నరకి బేరమాడతారా!"

ఏం చెయ్యను, అలవాటు. ఎదుటివాడు చెప్పిన ధరకి చెప్పినట్టు ఒప్పుకుంటే దళారీ వంశం అంతరించిపోతుంది. మా ఆవిడ మాత్రం తువ్వాలు మడత పెడుతూ ఆగిపోయింది. "అన్ని ఇళ్ళలో జరుగుతున్నదీ ఇదే కదండీ. ఆ పిల్లలు ఏది చెప్పినా అందరూ తగ్గించేవాళ్ళే. 'అందరికీ ఉండేదే' అని ఒకరు, 'మా రోజుల్లో' అని ఒకరు" అంది. అప్పటికప్పుడు ఒక నిబంధన పెట్టింది: చెప్పిన ధర చెప్పినట్టే ఒప్పుకోవాలి. మా కార్యక్రమానికి ఈనాటికీ ఉన్న నిబంధన అదొక్కటే. దాన్ని నేనే పెట్టానని బయట చెప్పుకుంటుంటాను.

ఈ లెక్క ఆ పిల్లకు చేరాలి. తనేమో ఒంటరిగా దొరకదు. మొగుడి ద్వారా పంపిద్దామని, రెండోసారి వెళ్ళినప్పుడు అతణ్ణి వసారాలో కూర్చోబెట్టుకుని తువ్వాలు కప్పాను. కాయల ఇంట్లో పుట్టినవాడు కాబట్టి వేళ్ళ భాష నేర్పక్కర్లేదు, అర్థాలు మార్చి చెప్తే చాలు. ముందు తెల్లబోయాడు. తర్వాత, "అది రాత్రుళ్ళు కూర్చునే ఉంటోంది తాతగారూ. నాకేం చెయ్యాలో తెలీటం లేదు" అన్నాడు. అంత పెద్ద మాట అతను ట్రాక్టరుతో కూడా అని ఉండడు.

"అందుకే చెప్తున్నా. ఇదిగో, నాలుగంటే ఇది. అయిదంటే గుప్పెడంతా..."

వెనక నుంచి గొంతు వినపడింది. "ఏరా! కాయ ఎవరికి తెంపావు?"

గడపలో వాళ్ళమ్మ నిలబడి ఉంది, చేతిలో గరిటెతో. ఆవిడకు కనపడిందేమిటి? కోతల ముందు, తన తోటలో, తన కొడుకు ఒక పాత దళారీతో తువ్వాలు కింద చేతులు కలిపి ఉన్నాడు.

"బిడ్డని చూడ్డానికి వచ్చామని చెప్పి నా తోట బేరమాడుతున్నావా బాబాయ్? అయిదుకి కొట్టేద్దామనుకున్నావా?"

"అబ్బే, నాడి చూస్తున్నానమ్మా."

"తువ్వాలు కప్పి చూస్తారా నాడి?"

"ఎండకి... నాడి ఆరిపోకుండా."

ఇలాంటి అబద్ధం ఆడినందుకు నాకు సిగ్గు లేదు. ఇంకా మంచిది తట్టనందుకు ఉంది. ఆవిడ కొడుకు వైపు తిరిగి, "రసాలు బయటివాడికి తెంపావంటే ట్రాక్టరు తాళం నీకు కనపడదు" అని లోపలికెళ్ళిపోయింది. ఆ పూట మాకు కాఫీ రాలేదు. మా ఆవిడను పట్టుకుని, "మీ ఆయన్ని కాస్త చూసుకోండి పిన్నిగారూ" అని కూడా చెప్పిందట. ఇంత మంచి సలహా తనెప్పుడూ వినలేదంది మా ఆవిడ.

మూడోసారి వెళ్ళడానికి నాకు ధైర్యం చాల్లేదు. స్కూటరులో పెట్రోలు లేదన్నాను. మా ఆవిడ మూత తీసి చూసింది. వెళ్ళాం.

ఆ పూట చిన్నరసాలు కోత. కూలీలు వాకిట్లో కాయ కోసే చిక్కాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆవిడ చెట్టుచెట్టుకీ పక్కనుంటే గానీ కాయ కోయనివ్వదు. అయినా మమ్మల్ని చూసి ఆగిపోయింది. నన్ను వసారాలో వదలకుండా లోపలికి పిలిచి, తన కళ్ళెదుట ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. చెయ్యి తిరిగిన దొంగను అలాగే కూర్చోబెడతారు.

మా ఆవిడ మంచం మీద కూర్చుని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, చంటిదాని తువ్వాలొకటి తమ చేతుల మీదకు జార్చింది. మొగుడు లెక్క చెప్పాడో లేదో మాకు తెలీదు. అతను గుమ్మం దగ్గర నేల చూస్తున్నాడు.

"ఎండలు ముదిరిపోయాయి కదమ్మా" అంది మా ఆవిడ.

"అవునండి" అంది ఆ పిల్ల.

అంతే. మా ఆవిడ మొహం మారిపోయింది. మొహం మార్చకూడదని ఎన్నిసార్లు నేర్పాను! కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఎండల గురించి మాట్లాడే మనిషిని మార్కెట్లో ఎవరూ నమ్మరు. "ఇంకా ముదురుతాయేమో" అంటోంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

అత్తగారు చూసింది. మొహాన్ని, తువ్వాల్ని, నన్ను. ఆవిడకు చెప్పాలా? ఆ తువ్వాలు కింద ఏం జరుగుతుందో నాకన్నా బాగా తెలిసిన మనిషి.

"ఏంటి పిన్నిగారూ ఇది? తోటైపోయింది, నా కోడల్ని కూడా బేరం పెట్టారా?"

 గుమ్మం దగ్గర కొడుకు నేల చూస్తూనే, "అయిదంటే ఇక నా వల్ల కాదని అమ్మా. నాలుగంటే మనసు బాలేదని" అని మొత్తం అప్పజెప్పేశాడు.  ఆవిడ మంచానికి అవతలి వైపు కూర్చుని, మా ఆవిడ చెయ్యి తీసి పక్కన పెట్టి, తన చెయ్యి తువ్వాలు కిందకు పోనిచ్చింది.

నేను ఎన్నో బేరాలు చూశాను. అలాంటిది చూడలేదు. తువ్వాలు పల్చన. ఏ వేలు కదిలినా నాకు పైకి తెలిసిపోతూనే ఉంది. ఆ పిల్ల అయిదు ఇచ్చింది. అత్తగారు రెండు నొక్కింది. మాటల్లో అయితే 'అందరికీ ఉండేదేనే' అన్నట్టు. పిల్ల అయిదే ఇచ్చింది. అత్తగారు మూడు నొక్కింది. అయిదు. నాలుగు నొక్కింది, బొటనవేలు విడిగా మడిచి గట్టిగా పట్టుకుంది. మార్కెట్లో ఎవరూ ఆవిడ ముందు ఇంతసేపు నిలబడలేదు, నేనైతే మూడు దగ్గరే పారిపోయేవాణ్ణి. ఆ పిల్ల బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. మడిచిన బొటనవేలు మెల్లగా మళ్ళీ విప్పింది.

"అయిదా?" అంది అత్తగారు, పైకి.

తువ్వాలు కింద ధర పైకి చెప్పడం మార్కెట్లో చాలా పెద్ద తప్పు. ఆవిడ ఆ తప్పు ఇంకోసారి చేసింది. "అయిదు చేసుకుని కూర్చున్నావా? నోటితో ఏడవచ్చుగా మొద్దూ! నేనేమన్నా పరాయిదాన్నా?" తిట్టు తిట్టులాగే ఉంది గానీ చెయ్యి వదల్లేదు.

"బిడ్డ జారిపోతుందేమోనని భయమేస్తోంది అత్తయ్యా" అంది ఆ పిల్ల. ఈసారి పంపు లేదు.

ఆవిడ బిడ్డను ఎత్తి భుజాన వేసుకుంది. "జారదు. నేను పట్టుకున్నా. నువ్వు పడుకో" అంది. వాకిట్లోంచి ఎవరో కోత మొదలెట్టమంటారా అని కేకేశారు. "కూర్చోండెహె!" అని అరిచి, బిడ్డ ఉలిక్కిపడితే వీపు నిమిరింది. తర్వాత కొడుకుతో, "వెళ్ళి నువ్వు కోయించు. మొదటి చెట్టు కాయ దెబ్బ తగిలితే నిన్ను తంతా" అంది. ఆవిడ పక్కన లేకుండా ఆ తోటలో రసాలు కోయడం అదే మొదలు. ఆ సంగతి నాకు ఆవిడ కన్నీళ్ళకన్నా ఎక్కువ అనిపించింది. నిజానికి ఆవిడ కన్నీళ్ళు పెట్టుకోలేదు.

మర్నాడు ఆవిడే కోడల్ని ఆటోలో నూజివీడు డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది. కాన్పయ్యాక కొందరికి వచ్చే జబ్బే, మందులున్నాయి, నయమవుతుంది, ఒంటరిగా వదలకండి, రాత్రి నిద్ర తప్పనివ్వకండి అని ఆ డాక్టరమ్మ చెప్పిందట. ఆ తర్వాతి ఆదివారమే ఆ పిల్ల నవ్వుతూ బిడ్డతో చర్చికి వచ్చింది.

అంటే, అలా రాస్తే బాగుంటుందని రాశాను. అంత తొందరగా రాలేదు. రసాలు అయిపోయి, కలెక్టరు కాయ కూడా అయిపోయి, తోటలు ఖాళీ అయ్యేదాకా పట్టింది. మధ్యలో రెండు మూడుసార్లు వెళ్తే నాలుగే ఇచ్చింది. మా ఆవిడ నాలుగే పుచ్చుకుని వచ్చింది.

మొన్న వెళ్ళినప్పుడు ఆ పిల్ల బిడ్డను చంకన వేసుకుని గుమ్మంలోనే ఎదురొచ్చింది. తువ్వాలు తియ్యబోతే, "ఎందుకు మామ్మగారూ" అని అందరికీ కనపడేలా రెండు వేళ్ళు చూపించి నవ్వింది. నిద్ర చాలట్లేదట. ఒకటిన్నరకి ఒప్పిద్దామని నేను చెయ్యి చాపితే మా ఆవిడ దాని మీద ఒక్కటేసింది.

బయల్దేరుతుంటే అత్తగారు గేటు దాకా వచ్చింది. చెట్లు కౌలుకిచ్చినవాళ్ళ గురించీ, ఈ ఏడు పూత గురించీ నాతో మాట్లాడుతూనే, పక్కనున్న మా ఆవిడ కొంగు కిందకు తన చెయ్యి పోనిచ్చింది. మొహంలో ఏం మారలేదు. గొప్ప వ్యాపారి. మా ఆవిడ మొహం కూడా ఈసారి మారలేదు. "పూత బానే ఉంది కదమ్మా" అంది, ఆ చేతిని అలాగే కాసేపు పట్టుకుని.

ఆవిడ ఇచ్చింది నాలుగు. నేను చూశాను.

చూడలేదు. కొంగు మందం. దారంతా స్కూటరు మీద వెనక్కి తిరిగి అడుగుతూనే వచ్చాను. "ముందు చూసి నడపండి" అని తప్ప ఆవిడ ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చాక ఇంకోసారి అడిగితే, ఇద్దరి చేతుల మధ్య ధర మూడోవాడికి చెప్పకూడదని మీరే కదా నేర్పారు అంది. వచ్చే ఆదివారం దాకా ఆగకుండా బుధవారమే మళ్ళీ వెళ్ళాలట ఆ ఇంటికి, అత్తగారిని చూడ్డానికి. పెట్రోలు కొట్టించుకు రమ్మంది.